రెండవ చెవి

"ఒక కన్ను కన్ను కాదు, ఒక కొడుకు కొడుకు కాదు" అని తెలుగునాట పెద్దలు చెప్పే సామెత. ఆ సామెతలో చెవికి చోటు లేదు. కన్ను లోపిస్తే ఎదుటివారికి తెలుస్తుంది. చెవి లోపిస్తే పక్కన కూర్చున్నవారికి కూడ వెంటనే తెలియదు. ఒక చెవి చక్కగా పనిచేస్తూ ఉంటే, రెండవది లేని లోటును ఆ మనిషే గుర్తింపకుండా ఏండ్లు గడపవచ్చును. అందువల్లనే కాబోలు, చెవుల విషయంలో లోకం ఒకటి చాలునని సరిపెట్టుకుంటూ వచ్చినది.

ఆ సరిపెట్టుకోవడం ఇప్పుడు కొన్ని ఇండ్లలో తీర్పు కోరే ప్రశ్నగా మారినది. పుట్టుకతో వినికిడి లేని బిడ్డకు శస్త్రచికిత్స చేసి ఒక చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చినారు. పిలిస్తే బిడ్డ తిరిగి చూస్తున్నాడు, అమ్మా అంటున్నాడు. ఇక రెండవ చెవికి కూడ అమర్చవలెనా? వైద్యుడొక మాట, బంధువులొక మాట, ఇరుగుపొరుగువారొక మాట చెబుతారు. తుదకు ఆ తల్లిదండ్రులు బడి మెట్లెక్కి ఉపాధ్యాయుని అడుగుతారు. ఇంటివారి తరువాత బిడ్డను ఎక్కువసేపు చూచేవాడు ఆయనే గదా! ఉపాధ్యాయుడు వైద్యుడు కాడు. ఐనను ఈ ప్రశ్న స్వరూపమేమిటో తెలిసి ఉండడం ఆయనకు అవసరం.

యంత్రం పుట్టిన విధం

చెవి లోపలి ఎముక గూటిలో నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన చిన్న అవయవమొకటి ఉన్నది. దానిని కర్ణావర్తమంటారు. శబ్ద తరంగాలు అక్కడికి చేరినప్పుడు అందులోని సూక్ష్మమైన రోమకణాలు కదలి, ఆ కదలికను విద్యుత్ సంకేతాలుగా మార్చి శ్రవణనాడికి అందిస్తాయి. పుట్టుచెవుడు గల పిల్లలలో ఎక్కువమందికి లోపం ఈ మార్పు జరిగే చోటనే ఉంటుంది. నాడి మాత్రం బ్రతికే ఉంటుంది. అటువంటప్పుడు ధ్వనిని ఎంత పెంచి వినిపించినా ప్రయోజనం స్వల్పం. చెడిన చోటును దాటి నాడినే నేరుగా తట్టి లేపవలెను.

ఈ ఆలోచనకు చాల పాత చరిత్ర ఉన్నది. విద్యుత్ ఘటాన్ని నిర్మించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా తన రెండు చెవులలోను లోహపు కడ్డీలు పెట్టుకొని విద్యుత్తును ప్రసరింపజేసుకొన్నాడు. తలలో ఒక అదురు కలిగినదనీ, ఆ వెనుక చిక్కని పదార్థమేదో కుతకుత ఉడుకుతున్నట్లు చప్పుడు వినిపించినదనీ 1800లో లండను రాయల్ సొసైటీకి వ్రాసినాడు. 1957 ఫిబ్రవరిలో పారిస్ నగరంలో జూర్నో, ఎరియెస్ అనే ఇద్దరు, వినికిడి పూర్తిగా పోయిన ఒక వ్యక్తి శ్రవణనాడికి విద్యుత్ ప్రేరణ కలిగించినారు. 1961లో లాస్ ఏంజిలిస్ నగరంలో విలియం హౌస్ ఈ మార్గాన చికిత్సకు పూనుకొన్నాడు. 1977లో వియన్నాలో హోక్‌మయర్ దంపతుల పరికరం, 1978లో మెల్బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ పరికరం రోగులకు అమర్చబడినవి. ఇవి ఒక్క తీగతో కాక పలు ఎలక్ట్రోడులతో పనిచేసే పరికరాలు.

క్లార్క్ తండ్రి మందుల దుకాణం నడిపేవాడు. ఆయనకు వినికిడి తక్కువ. తండ్రి పడిన అవస్థ చూచి పెరిగిన కొడుకు ఈ పనికి జీవితాన్ని అంకితం చేసినాడు. అతి సున్నితమైన ఆ చుట్లలోనికి తీగను దెబ్బ తగలకుండా పంపడమెట్లా అన్నది ఆయనను చాలకాలం వేధించినది. ఒకనాడు సముద్రతీరాన ఒక గుల్లలోనికి గడ్డిపరకను దూర్చి చూచినాడు. కొన మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక చుట్ల వెంట ఒదుగుతూ సులభంగా లోనికి పోయినది. తీగకు కూడ ఆ గుణమే కావలెనని ఆయన గ్రహించినాడు.

పరికరానికి రెండు భాగాలు ఉన్నవి. చెవి వెనుక పెట్టుకొనే వెలుపలి భాగం మైక్రోఫోన్‌తో ధ్వనిని గ్రహించి, సంకేతాలుగా విడదీసి, చర్మం మీదుగా లోపలి భాగానికి పంపుతుంది. లోపలి భాగం ఎలక్ట్రోడుల ద్వారా నాడిని ప్రేరేపిస్తుంది. అమెరికా ఆహార ఔషధ సంస్థ 1990లో రెండేండ్లు నిండిన పిల్లలకు దీనిని అనుమతించినది. ఆ వయస్సు 2000లో పన్నెండు నెలలకు, 2020లో తొమ్మిది నెలలకు దిగినది. వయస్సు ఎందుకు దిగుతూ వచ్చినదో ముందు తెలుస్తుంది.

ఒక్క మాట మరువరాదు. ఆరోగ్యవంతమైన చెవిలో మెదడుకు వార్త నందించే లోపలి వరుస రోమకణాలు సుమారు 3,500 ఉంటాయి. ఇంప్లాంటులోని ఎలక్ట్రోడులు పన్నెండు నుండి ఇరవై రెండు వరకు మాత్రమే. ఇది పోయిన చెవిని తిరిగి తెచ్చే మంత్రం కాదు. విరిగిన వంతెన పక్కన కట్టిన తాత్కాలికపు దారివంటిది. దారి ఇరుకు; ఐనను దాని మీదుగా భాష ప్రయాణం చేయగలదు.

ప్రకృతి రెండు చెవులెందుకు ఇచ్చినది?

కుడివైపున ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు కుడిచెవికి ముందు చేరుతుంది. ఎడమచెవికి రవంత ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వేయవ వంతు కూడ నిండదు. ఆపైన తల అడ్డు రావడం వల్ల ఎడమచెవికి చేరే ధ్వని కొంత బలహీనపడుతుంది. శబ్దానికి కూడ తల నీడ ఉన్నదన్నమాట. ఈ రెండు తేడాలను సరిపోల్చి పిలుపు ఏ దిక్కునుండి వచ్చినదో మెదడు తేల్చుకుంటుంది. ఇంతేకాదు, చుట్టూ రొద ఉన్నప్పుడు కావలసిన గొంతును ఏరుకొని తక్కినవాటిని వెనుకకు నెట్టడానికి కూడ మెదడుకు రెండు చెవుల సాక్ష్యం కావలెను.

ఒక చెవితోనే వినే బిడ్డకు ఈ సౌకర్యం లేదు. నిశ్శబ్దమైన గదిలో, ఎదురుగా కూర్చున్న తల్లి మాట వానికి బాగుగానే వినిపిస్తుంది. వైద్యశాలలోని పరీక్ష గది కూడ నిశ్శబ్దమైనదే. కాని బడి అటువంటిది కాదు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. పక్క గదిలో ఎక్కాలు వల్లిస్తూ ఉంటారు. ఉపాధ్యాయుడు నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడుతాడు. ఇంప్లాంటు లేని వైపునకు నడచిపోతాడు. వెనుక బల్లనుండి ఒక పిల్లవాడు జవాబు చెప్పితే, ఆ గొంతు ఎక్కడిదో వెదికి తల త్రిప్పేలోపల జవాబు ముగిసిపోతుంది. వీధిలో సైకిలు గంట ఏ వైపున మ్రోగినదో తెలియకపోవడం ప్రాణానికే ముప్పు.

తెలుగు నేర్చుకొనే బిడ్డకు మరొక చిక్కు ఉన్నది. తెలుగు వాక్యంలో పని చేసినవారెవరో, పని జరిగినదో లేదో చెప్పే గుర్తులు క్రియ తుదిని ఉంటాయి. "వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చారు" అనే నాలుగింటికి భేదమంతా చివరి అక్షరంలోనే ఉన్నది. "రాడు, రాదు" అన్నవి తుది హల్లు ఒక్కటి మారితే వేరు మనుష్యులను చెబుతాయి. విభక్తులు కూడ పదాల తుదినే అంటుకొని ఉంటాయి. మాట్లాడేవారేమో వాక్యం చివరికి వచ్చేసరికి సహజంగా గొంతు తగ్గిస్తారు. కనుక రొదలో మొదట మునిగిపోయేవి వాక్యానికి ప్రాణమైన ఆ చిన్న అక్షరాలే. బిడ్డ "రాముడు", "బడి" అన్న పదాలను పట్టుకుంటాడు. రాముడు బడికి వెళ్ళినాడో, వెళ్ళలేదో, వెళ్ళవలెనో జారవిడుస్తాడు. వ్రాతలో వాడు చేసే తప్పులను చూచి బుద్ధి మందమని నిర్ణయించడం ఎంత అన్యాయం!

రెండవ ఇంప్లాంటు ఇక్కడ సహాయపడుతుంది. ధ్వని ఏ వైపునుండి వచ్చినా ఆ వైపున ఒక చెవి ఉంటుంది. రొదలో మాట కొంత తేటపడుతుంది. కుడి ఎడమల భేదం మెరుగుగా తెలుస్తుంది. ఒక యంత్రం చెడిపోతే అది బాగై వచ్చేవరకు బిడ్డ నిశ్శబ్దంలో పడిపోడు. ఐతే సహజమైన రెండు చెవులకు ఇది సమానం కాదు. రెండు యంత్రాలు వేటికవే పనిచేస్తాయి గనుక, చెవికి చెవికి మధ్యనుండే అతి సూక్ష్మమైన కాలభేదం మెదడుకు సరిగా అందదు. ధ్వని బలంలోని తేడాయే ముఖ్యమైన ఆధారమవుతుంది. లాభం నిజమే, దానిని ఉన్నంతవరకే చెప్పడం న్యాయం.

కాలం చెప్పే తీర్పు

ఇక అసలు విషయం. ఒకటా, రెండా అన్నది లెక్కకు సంబంధించిన ప్రశ్నగా పైకి కనిపిస్తుంది. కాని అది కాలానికి సంబంధించిన ప్రశ్న.

"మొక్కై వంగనిది మానై వంగునా?" అన్నారు. వినడం చెవి చేసే పని అనుకుంటాము గాని, అర్థం చేసుకొనేది మెదడు. పసితనంలో ధ్వని అందితేనే మెదడులోని శ్రవణ భాగం వినడం నేర్చుకుంటుంది. అందకపోతే ఆ చోటును ఇతర పనులు ఆక్రమిస్తాయి. అమెరికాలో అనూ శర్మ, ఆమె తోడి పరిశోధకులు 2002లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మూడున్నర ఏండ్లలోపున ఇంప్లాంటు పొందిన పిల్లల మెదడు స్పందన వినికిడి గల పిల్లల స్పందనకు దగ్గరగా వచ్చినది. ఏడేండ్లు దాటిన తరువాత పొందిన పిల్లలలో చాలమందికి అట్లా రాలేదు.

ఈ సూత్రం రెండవ చెవికి కూడ వర్తిస్తుంది. కెనడాలోని టొరాంటోలో కారెన్ గోర్డన్, ఆమె సహచరులు 2013లో ప్రకటించిన పరిశోధన దీనిని స్పష్టపరచినది. ఒకే చెవి ఏడాదిన్నరకు మించి ఒంటరిగా విన్నచో మెదడు ఆ చెవి పక్షం వహిస్తుంది. తరువాత రెండవ చెవికి ఇంప్లాంటు అమర్చినా పక్షపాతం తేలికగా పోదు. రెండింటిని ఒకేసారిగాని, స్వల్ప వ్యవధిలోగాని అమర్చిన పిల్లలలో ఈ వంకర ఏర్పడలేదు. అనగా "ముందొకటి పెట్టించి చూద్దాం, తీరికగా రెండవదాని సంగతి ఆలోచిద్దాం" అనుకొనేవారు ఊరక ఆలోచిస్తూ ఉన్నట్లు కాదు. ఆ ఆలోచన సాగుతున్నంతకాలం రెండవ చెవి వెల తరుగుతూనే ఉంటుంది.

ఇంగ్లండులో ఆరోగ్యసేవకు మార్గదర్శకాలు నిర్ణయించే నైస్ అనే సంస్థ 2009లో ఇచ్చిన నిర్ణయంలో ఈ దృష్టి కనిపిస్తుంది. తీవ్రమైన వినికిడి లోపముండి, వినికిడి యంత్రాలతో తగిన ప్రయోజనం పొందని పిల్లలకు రెండు చెవులకు ఒకేసారి అమర్చడాన్ని అది ఆమోదించినది. అప్పటికే ఒక చెవికి పొంది ఉన్నవారి విషయంలో మాత్రం, రెండవదానివల్ల తగినంత లాభమున్నదని బాధ్యతగల వైద్యుడు పరీక్షించి చెప్పవలెనన్నది. కొత్తగా వచ్చే పసిబిడ్డకు ఒక నియమం, ఒక చెవితో ఏండ్లు గడపిన బిడ్డకు మరొక నియమం.

ముగ్గురు బిడ్డలను ఊహించి చూస్తే ఇది బోధపడుతుంది. మొదటివాడు ఏడాది నిండిన పసివాడు. రెండు చెవులూ వినవు. అవకాశముంటే ఇతనికి రెండూ ఒకేసారి కావడం మేలు. మెదడువాపును కలిగించే మెనింజైటిస్ జ్వరం వల్ల వినికిడి పోయినవాడైతే తొందర మరింత అవసరం. ఆ జబ్బు తరువాత కర్ణావర్తంలో ఎముక పెరిగి, తీగ పోవడానికి దారి మూసుకొనిపోవచ్చును. రెండవది మూడేండ్ల పాప, ఏడాది క్రిందట ఒక చెవికి ఇంప్లాంటు అయినది, మాటలు వస్తున్నవి. ఈమె విషయంలో వాయిదా వేయకుండా ఇప్పుడే తేల్చుకోవలెను. మూడవవాడు పదమూడేండ్ల బాలుడు. రెండవ చెవికి పుట్టినది మొదలు ధ్వని అందలేదు. ఇతనికి రెండవ ఇంప్లాంటు వల్ల కలిగే ఫలం సందేహాస్పదం. నెలల తరబడి ఆ చెవితో విడిగా అభ్యాసం చేయవలసి ఉంటుంది. మొదట వినిపించేవి మాటలుగా కాక రొదగా తోచవచ్చును. కొందరు విసిగి రెండవ యంత్రాన్ని తీసి పక్కన పెడతారు.

ఈ మూడవ బాలుని విషయంలో అడగవలసినవారు మరొకరున్నారు. వాడే. శస్త్రచికిత్స జరిగేది వాని తలకు; శ్రమ పడవలసినది వాడు. తెలిసిన వయస్సు వచ్చిన పిల్లవాని మనస్సు తెలుసుకోకుండా పెద్దలు తీర్పు చెప్పడం మంచిది కాదు.

నిదానించమనే కారణాలు

రెండవ చెవిలో ఎంతోకొంత వినికిడి మిగిలి ఉండవచ్చును. అటువంటప్పుడు ఆ చెవికి మామూలు చెవి మిషను పెట్టి చూడవలెను. ఇంప్లాంటు అందించలేని మంద్రస్వరాలను, పాటలోని స్థాయీభేదాలను ఆ చెవి అందించి రెండూ ఒకదాని కొకటి తోడుపడవచ్చును. ఇంప్లాంటు అమర్చినప్పుడు మిగిలిన సహజ వినికిడి పోయే అవకాశమున్నది గనుక ఈ పరీక్ష జరగకుండా ముందుకు పోరాదు. ఐతే మిషను పెట్టినా ఆ చెవికి మాట తెలియడం లేదని పరీక్షలో తేలితే, మిషను ఉన్నది గదా అని ఏండ్లు గడపడం కూడ తప్పే.

శస్త్రచికిత్సలో కొన్ని అపాయాలున్నవి. చెవి లోపలనే శరీరపు తూకాన్ని కాపాడే అవయవమున్నది. దానికి దెబ్బ తగిలితే తల తిరగడం, తడబడడం కలగవచ్చును. మెనింజైటిస్ రాకుండా టీకాలు వేయించవలెను. రేపు మంచి చికిత్స వస్తుందేమో, ఒక చెవిని దాచి ఉంచుదామనే వాదం కూడ ఉన్నది. ఇది పూర్తిగా కొట్టివేయదగినది కాదు. ఓటోఫెర్లిన్ అనే ప్రోటీనుకు సంబంధించిన జన్యులోపంతో పుట్టిన ఆరుగురు పిల్లలకు చైనాలోని షాంఘైలో జన్యు చికిత్స చేయగా ఐదుగురికి వినికిడి వచ్చినట్లు 2024 జనవరిలో ప్రకటించినారు. కాని ఆ లోపం చెవిటితనానికి గల అనేక కారణాలలో ఒకటి మాత్రమే. బిడ్డ లోపం దానివల్లనే కలిగినదో కాదో రక్తపరీక్ష చెబుతుంది. పరీక్ష చేయించకుండా ఏదో ఒక మేలు జరుగుతుందని పసితనాన్ని నిరీక్షణలో పెట్టడం దాచుకోవడం కాదు, పోగొట్టుకోవడం.

ఇక ధనం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేద పిల్లలకు ఈ చికిత్సను అందుబాటులోకి తెచ్చినది. కేంద్రప్రభుత్వపు అడిప్ పథకం 2014లో సవరించినప్పుడు ఒక్కొక్క పరికరానికి 6 లక్షల రూపాయల వరకు సహాయం నిర్ణయించినది. ఆ పథకం అమలులో ముఖ్యపాత్ర వహించేది బొంబాయిలో 1983లో నెలకొల్పిన జాతీయ వినికిడి సంస్థ. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరే ఆ సంస్థకు పెట్టినారు. సికిందరాబాదులో దానికి ప్రాంతీయ కేంద్రమున్నది. ఖర్చు శస్త్రచికిత్సతో తీరిపోదు. బ్యాటరీలు, తీగలు, మరమ్మతులు, కొన్ని ఏండ్లకొకసారి వెలుపలి యంత్రం మార్పు, ఇవన్నీ బిడ్డ జీవితమంతా ఉంటాయి. రెండవ యంత్రం కోసం పొలం అమ్మి, మరునాటినుండి మొదటి యంత్రానికి బ్యాటరీలు కొనలేని స్థితికి వస్తే బిడ్డకు ఒరిగేదేమిటి?

మేనరికాలు చేసుకొనే కుటుంబాలలో వంశానుగతమైన వినికిడి లోపం అధికంగా కనిపిస్తుంది. అందుచేత ఒకే ఇంట ఇద్దరు బిడ్డలకు ఈ లోపం ఉండడం తెలుగునాట అరుదు కాదు. ఉన్న ధనం రెండు యంత్రాలకే సరిపోతే, పెద్దవానికే రెండు చెవులు ఇచ్చి చిన్నదానిని నిశ్శబ్దంలో ఉంచడమా? ఇక్కడ తర్కం అవసరం లేదు. ఒక చెవి నుండి రెండు చెవులకు పోవడం మేలే. శూన్యం నుండి ఒక చెవికి రావడం అంతకన్న ఎంతో పెద్ద మేలు.

మొదటి చెవి సాక్ష్యం

రెండవ చెవిని గురించి తీర్మానించేవారు మొదటి చెవి సంగతి ముందు విచారించవలెను. బిడ్డ యంత్రాన్ని మేలుకొన్నది మొదలు నిద్రపోయేవరకు పెట్టుకుంటున్నాడా, లేక అది బీరువాలో ఉన్నదా? స్పీచ్ థెరపీ సాగుతున్నదా, ఊరు దూరమని మూడు నెలలకే మానివేసినారా? ఇంట్లో వానితో మాట్లాడేవారున్నారా? ఇవి సరిగా ఉండి కూడ రొదలో బిడ్డ వెనుకబడుతున్నాడంటే రెండవ చెవి కొరత నిజమే. ఇవేవీ లేక మాటలు రాలేదంటే, రెండవ యంత్రం ఆ లోటును తీర్చదు. వాడని మందును రెట్టింపు చేస్తే రోగం నయం కాదు గదా! కాని అభ్యాసం కుదుటపరచడానికి కూడ గడువు పెట్టుకోవలెను. ఆ పేరుతో మరి రెండేండ్లు జరిపివేయకూడదు.

ఇంప్లాంటు ఒకటైనా, రెండైనా, ఒక్కటి కూడ లేకపోయినా బిడ్డకు కావలసినది భాష. యంత్రం తీసిన వెంటనే ఆ బిడ్డ వినికిడి లేని బిడ్డయే. సంజ్ఞాభాష నేర్పితే నోటిమాట రాదనే భయంతో చేతులను కట్టిపెట్టడం వివేకం కాదు. సంజ్ఞాభాష కూడ వ్యాకరణం గల సంపూర్ణమైన భాష.

ఉపాధ్యాయుడు ఈ విషయంలో తీర్పరి కాడు, విలువైన సాక్షి. వైద్యుని గదిలో లేని రొద ఆయన తరగతిలో ఉన్నది. బిడ్డ ఏ వైపున పిలిస్తే పలుకుతున్నాడు, వెనుకనుండి ఎవరు మాట్లాడినారో పట్టగలుగుతున్నాడా, ఏ అక్షరాలను జారవిడుస్తున్నాడు, మధ్యాహ్నానికి వినే శ్రమతో ఎంత అలసిపోతున్నాడు, ఈ నాలుగు సంగతులు కాగితం మీద వ్రాసి తల్లిదండ్రుల చేతికిస్తే అది ఆడియాలజిస్టుకు మంచి ఆధారం. ఆ కాగితం ఈ నెలలో వ్రాయవలసినది. వచ్చే వేసవి సెలవులకని వాయిదా వేయవలసినది కాదు. తీర్పు వచ్చేలోగా బిడ్డను ముందు బల్లమీద, వినే చెవి పాఠం వైపునకు ఉండేటట్లు కూర్చుండబెట్టడం, నల్లబల్లకు కాక బిడ్డకు ముఖం చూపి మాట్లాడడం, వాక్యం చివరి అక్షరం వరకు గొంతు నిలపడం ఏ శస్త్రచికిత్సా అక్కరలేని పనులు. రెండవ యంత్రం రావచ్చును, రాకపోవచ్చును. ఈ మూడు మాత్రం రేపు ఉదయం మొదటి గంటనుండే మొదలుపెట్టవచ్చును.